తగ్గిన బరువు తిరిగొస్తోంది... ఒంట్లో కొవ్వు లెక్క చూసేదెవరు?

ఓరుగల్లు పోరడు (హనుమకొండ)

అందరికీ నమస్తే. పోయినేడు 98 కిలోలుంటి. తిండి తగ్గించిన, పొద్దుగాల భద్రకాళి చెరువు కట్ట మీద నడక వెట్టిన, 83కి వచ్చిన. ఇంట్ల అందరు సంబురపడ్డరు. ఆ తర్వాత కాటా కదలలే. ఇప్పుడు 89. నడక ఆపలే. రాత్రి రెండు జొన్నరొట్టెలే, పొద్దున అదే ఉప్మా. థైరాయిడ్ చూపిచ్చిన, టీఎస్‌హెచ్ 2.4, మంచిగనే ఉంది. మా అమ్మ "ఆఫీసుల ఏం తింటున్నవో ఎవలకెరుక" అంటది. జిమ్ముల కోచ్ అయితే దొంగతిండి తింటున్నవని సీదా మొఖం మీదనే అన్నడు.

తగ్గేటప్పుడు పనిచేసిన తిండే, నడకే. ఇప్పుడెందుకు పనిచేస్తలేదు? మెటబాలిజం పాడైపోతదని యూట్యూబుల చెప్తున్నరు, నిజమేనా?

లెక్కల మాస్టారు (తెనాలి)

తమ్ముడూ, కోపం తెచ్చుకోకుండా చదువు. ఒంటి లెక్క కూడా జమాఖర్చు పుస్తకమే. కిలో ఒంటికొవ్వులో ఉరమరగా 7,700 క్యాలరీలు ఉంటాయి. 83 నుంచి 89 అంటే 46,000 పైచిలుకు క్యాలరీలు లోపలికి వచ్చి ఖర్చు కాకుండా ఉండిపోయాయి. గాల్లోంచి ఊడిపడవు కదా. ఏడెనిమిది నెలలకి పంచు, రోజుకి 190 చొప్పున తేలుతుంది. అంటే గుప్పెడు పల్లీలు. వాటిని ఎవరూ లెక్కలో రాసుకోరు. ముందు ఒక నెల నోట్లో పడ్డ ప్రతిదీ రాయి, పెళ్ళిభోజనాలతో సహా. మెటబాలిజాన్ని ఆ తర్వాత తిడదాం.

ల్యాబ్ కోటు (హైదరాబాద్)

మాస్టారి కూడికలో తప్పు లేదు. శక్తి నిత్యత్వ సూత్రాన్ని మన ఒళ్ళేమీ ధిక్కరించదు. కాకపోతే మాస్టారు ఖర్చు వైపు అంకెని కదలకుండా పెట్టేశారు. అది కదులుతుంది.

అన్నా, 98 కిలోల మనిషి కట్ట మీద నడిస్తే అయ్యే ఖర్చు 83 కిలోల మనిషికి కాదు, మోసే బరువే తగ్గింది. ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు. దాని మీద ఇంకొంత, అంటే తగ్గిన బరువుకి తగ్గాల్సిన దానికంటే కూడా ఎక్కువగా, ఒళ్ళు ఖర్చు కుదించుకుంటుంది. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యంగా ఉన్న యువకులకి 24 వారాలు అర్ధాకలి తిండి పెట్టి చూశాడు. యుద్ధంలో తుపాకి పట్టబోమని చెప్పి, దానికి బదులు ఈ ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్ళు వాళ్ళు. బరువు పాతిక శాతం పడింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంటికయ్యే ఖర్చు దాదాపు 40 శాతం పడింది. ఎండాకాలంలోనూ చలి అన్నారు. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. తిండి మీద ఆంక్ష ఎత్తేశాక ఎంత తిన్నా ఆకలి తీరలేదు. కండ పూర్తిగా తిరిగి రాకముందే కొవ్వు మొదటి హద్దు దాటిపోయింది.

ఈ కాలపు సంగతి కావాలంటే అమెరికా టీవీలో వచ్చిన బరువు తగ్గే పోటీ 'ది బిగ్గెస్ట్ లూజర్' ఉంది. అందులో పాల్గొన్న 14 మందిని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్ బృందం ఆరేళ్ళ తర్వాత మళ్ళీ కొలిచింది, 2016లో అచ్చయింది. పోటీలో సగటున 58 కిలోలు తగ్గారు, ఆరేళ్ళలో 41 తిరిగి వచ్చాయి. బరువు వచ్చింది గానీ ఖర్చు పైకి రాలేదు. ఆ ఒళ్ళకి ఉండాల్సిన దానికంటే రోజుకి 500 క్యాలరీల దిగువనే ఉండిపోయింది. వాళ్ళది విపరీతమైన కేసు, అందరికీ 500 పడదు. కానీ దిశ మాత్రం అందరికీ అటే.

పప్పన్నం (రాజమండ్రి)

మా బావమరిది సంగతి చెప్పండి ముందు. ఆత్రేయపురం నుంచి పూతరేకుల డబ్బా తెస్తే సాయంత్రానికి ఖాళీ. మనిషి మాత్రం మునక్కాడ. నేను వాసన చూసినా లావెక్కుతాను. ఇదేం న్యాయమండీ?

ల్యాబ్ కోటు

పప్పన్నం గారూ, అచ్చం ఈ ప్రశ్నతోనే 1999లో మాయో క్లినిక్‌లో జేమ్స్ లెవీన్ బృందం 16 మందికి రోజూ అవసరానికి మించి 1,000 క్యాలరీలు, ఎనిమిది వారాలు తినిపించింది. అందరికీ అంతే మిగులు. ఒకరికి 0.36 కిలోల కొవ్వు చేరితే ఇంకొకరికి 4.23 కిలోలు చేరింది. తేడా జిమ్ము వల్ల వచ్చింది కాదు. కాలు ఊపడం, లేచి తిరగడం, నిలబడి మాట్లాడటం లాంటి చిల్లర కదలికలే కొందరిలో వాళ్ళకి తెలియకుండా పెరిగిపోయాయి. మీ బావమరిది ఒకచోట కుదురుగా కూర్చుంటాడా?

పప్పన్నం

కూర్చోడండీ. ఫోను మాట్లాడితే వీధి చివరిదాకా పోతాడు.

డల్లాస్ మామ (టెక్సస్)

మీరంతా క్యాలరీలు క్యాలరీలు అని కొట్టుకుంటున్నారు గానీ అసలు దొంగ ఇన్సులిన్. అన్నం, ఇడ్లీ, జొన్నరొట్టె అన్నీ పిండిపదార్థమే. ఇన్సులిన్ పైనున్నంతసేపూ కొవ్వు కణంలోంచి కొవ్వు బయటికి రాదు. నేను అన్నం మానేశాను, మొదటి వారంలోనే మూడు కిలోలు పోయాయి. ఊళ్ళో కూడా ఆ మధ్య కొవ్వుల డైట్ అని నూనెలు, వెన్నలు తాగారు కదా, చాలామంది తగ్గారు. క్యాలరీల లెక్కతో పనే లేదు. పోరడు బ్రదర్, జొన్నరొట్టె ఆపెయ్, నెలలో చూడు.

ల్యాబ్ కోటు

మామా, మొదటి సగం పాఠ్యపుస్తకంలో ఉన్నదే. రెండో సగం దగ్గర ఆగాలి. ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

పొద్దున పెసరట్టు తిన్నాం అనుకోండి. రక్తంలో గ్లూకోజు పెరిగింది, ఇన్సులిన్ పెరిగింది. నూనెలోని కొవ్వు పేగులోంచి చిన్న చిన్న రేణువులుగా రక్తంలో చేరింది. కొవ్వు కణజాలంలో రక్తనాళాల గోడల మీద లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఇన్సులిన్ దాన్ని హుషారు చేస్తుంది. అది ఆ రేణువుల్లోంచి కొవ్వు ఆమ్లాలని విడదీస్తే కణం లోపలికి లాక్కుని ట్రైగ్లిజరైడుగా దాచుకుంటుంది.

మధ్యాహ్నం దాటింది, ఏమీ తినలేదు, ఇన్సులిన్ దిగింది. నడుస్తుంటే నార్‌ఎడ్రినలిన్ అనే హార్మోను పెరిగింది. అప్పుడు కణంలో కొవ్వు బొట్టు చుట్టూ ఉండే పెరిలిపిన్ అనే ప్రోటీను పక్కకి జరుగుతుంది. ఏటీజీఎల్ అనే ఎంజైము మొదటి కొవ్వు ఆమ్లాన్ని తెంపుతుంది, హార్మోన్ సెన్సిటివ్ లైపేజ్ రెండోదాన్ని, మరో ఎంజైము మూడోదాన్ని. గ్లిసరాల్ విడిగా కాలేయానికి పోతుంది. ఈ ఏటీజీఎల్ సంగతి 2004 దాకా ఎవరికీ తెలియదు, అంతవరకు పనంతా హార్మోన్ సెన్సిటివ్ లైపేజ్‌దే అనుకునేవాళ్ళు. బయటికొచ్చిన కొవ్వు ఆమ్లాలు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీనుని పట్టుకుని కండరానికి చేరతాయి. అక్కడ కణంలో ఇంధనం మండే చోటైన మైటోకాండ్రియా లోపలికి పోవడానికి కార్నిటిన్ అనే పదార్థం సాయం కావాలి. గ్లూకోజు దండిగా ఉన్నప్పుడు మాలొనైల్ కోఎంజైమ్-ఏ అనే పదార్థం పెరిగి ఆ దారిని మూసేస్తుంది. ఏ పూటకి ఏ ఇంధనం వాడాలో తేలేది అక్కడే.

ఇదంతా గంటల లెక్క. నెలల లెక్కకి వస్తే, పగలు దాచింది రాత్రి తీస్తూనే ఉంటుంది కాబట్టి, చివరికి మిగిలేది తిన్నదానికీ ఖర్చయినదానికీ తేడా మాత్రమే. హాల్ బృందమే 2021లో 20 మందిని ఆసుపత్రి వార్డులో ఉంచి, రెండు వారాలు పిండిపదార్థం ఎక్కువున్న, కొవ్వు తక్కువున్న శాకాహారం, రెండు వారాలు కీటో తరహా (పిండిపదార్థం బాగా తక్కువ, కొవ్వు ఎక్కువ) మాంసాహారం పెట్టి, కడుపునిండా తినమంది. శాకాహారంలో ఇన్సులిన్ బాగా ఎక్కువ. అయినా వాళ్ళంతట వాళ్ళే రోజుకి దాదాపు 690 క్యాలరీలు తక్కువ తిన్నారు. ఇన్సులిన్ ఒక్కటే దొంగ అయితే ఇది తిరగబడాలి కదా.

మీ మొదటి వారం మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీళ్ళు. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం గ్లైకోజెన్ ఒక్కో గ్రాము మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చవగానే నీళ్ళూ పోతాయి. అన్నం మానేసి మీరు తగ్గలేదనడం లేదు. ఆకలి తగ్గి తక్కువ తిన్నారు, తగ్గారు.

డల్లాస్ మామ

రెండు వారాల స్టడీతో జీవితకాలం తేల్చేస్తారా? నాకు పనిచేసింది, నేను మానను. అయినా ఆకలి తగ్గింది అని ఒప్పుకున్నారు కదా, చాలు.

ల్యాబ్ కోటు

ఒప్పుకున్నా మామా. మానమని కూడా అనలేదు.

గోదారి అమ్మాయి (కాకినాడ)

రెండో కాన్పు తర్వాత 14 కిలోలు పెరిగాను. "35 దాటితే ఆడవాళ్ళ మెటబాలిజం పడిపోతుంది, ఇంతే" అని మా అత్తయ్య గారు, పార్లర్ ఆవిడ, ఆఖరికి మందుల షాపు అబ్బాయి కూడా తేల్చేశారు. ఇందులో నిజమెంత?

ఇంకోటి, పోయిన కొవ్వు ఎక్కడికి పోతుంది? చెమటలోనా?

విశాఖ ఎండో (ఎండోక్రినాలజీ)

అమ్మా, 2021లో సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్ తదితరుల పరిశోధన వచ్చింది. 29 దేశాల్లో 6,400 మందికి పైగా, పసిపిల్లల నుంచి 95 ఏళ్ళవాళ్ళ దాకా, డబ్లీ లేబుల్డ్ వాటర్ పద్ధతిలో, అంటే గుర్తు పెట్టిన నీళ్ళు తాగించి, ఒంటి ఖర్చు కొలిచారు. ఒంటి పరిమాణాన్నీ కండనీ లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ళ వరకు ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆడా మగా తేడా లేదు. 60 దాటాకే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గింది. 35 ఏళ్ళకి జరిగేది వేరు. నిద్ర ఉండదు, కదలిక తగ్గుతుంది, కండ తరుగుతుంది, పిల్లలు వదిలేసిన ముద్దలు అమ్మ నోట్లోకి పోతాయి. నెలసరి క్రమం తప్పి ఉంటే మాత్రం పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో చూపించుకోండి.

కొవ్వు చెమటలో పోదు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడుగా ఊపిరిలో పోతుంది, 1.6 కిలోలు నీరవుతుంది. చెమట పట్టే బెల్టులు అమ్మేవాళ్ళకి ఈ వాక్యం చూపించండి.

ఇక పోరడు గారికి. ఖర్చు తగ్గడం గురించి ల్యాబ్ కోటు బాగా రాశారు. ఆయన చెప్పని రెండో వైపు ఇంకా బలమైనది, ఆకలి. కిలో బరువు తగ్గితే ఖర్చు రోజుకి 20 నుంచి 30 క్యాలరీలు పడుతుంది, ఆకలి 100 క్యాలరీల దాకా పెరుగుతుంది అని 2016లో హాల్, పొలిదోరి లెక్కగట్టారు. 15 కిలోలకి మీరే గుణించుకోండి. ఈ ఆకలి కడుపు మండినట్టు తెలిసేది కాదు. గరిటె కాస్త నిండుగా పడుతుంది, ఇంకో రొట్టె తుంచుతారు, అంతే. తక్కువే తింటున్నామని గట్టిగా నమ్మినవాళ్ళని 1992లో న్యూయార్క్‌లో కొలిస్తే, చెప్పినదానికీ తిన్నదానికీ దాదాపు సగం తేడా ఉంది. వాళ్ళు అబద్ధాలు ఆడలేదు. మీ కోచ్‌కి ఇది అర్థం కాలేదు.

ఓరుగల్లు పోరడు

డాక్టర్ సాబ్, చదివినంక పానం తేలికైంది. మాస్టారు చెప్పినట్టు రాసుడు షురూ చేసిన. సాయంత్రం ఛాయ్‌తోని ఉస్మానియా బిస్కెట్లు... గవి నేను తిండి కిందనే లెక్కపెట్టలే. అమ్మకు చూపియ్య.

గని ఆకలి పెంచుమని చెప్పేదెవరు? మెదడా, కడుపా?

విశాఖ ఎండో

కొవ్వే చెబుతుంది. 1994 దాకా కొవ్వంటే ఊరికే పడి ఉండే నిల్వ అనుకున్నారు. అమెరికాలో మెయిన్ రాష్ట్రం బార్ హార్బర్‌లో జాక్సన్ ల్యాబొరేటరీ అని ఉంది, అక్కడ విపరీతంగా తిని లావెక్కే ఎలుకల జాతులు రెండు ఉండేవి. డగ్లస్ కోల్‌మన్ ఒక లావు ఎలుకకీ మామూలు ఎలుకకీ రక్తం కలిసేలా ఒళ్ళు కలిపి కుట్టాడు. మొదటి జాతి ఎలుక తిండి తగ్గించి సన్నబడింది. రెండో జాతితో కుడితే మామూలు ఎలుకే తిండి మానేసి చచ్చిపోయింది. మొదటిదానికి రక్తంలో ఏదో సంకేతం లేదు, రెండోదానికి సంకేతం బోలెడుంది గానీ వినపడదు. ఆ సంకేతం లెప్టిన్ అని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ 1994లో తేల్చాడు. కొవ్వు కణాలు దాన్ని తయారు చేస్తాయి, మెదడులో హైపోథాలమస్ దాన్ని చదువుతుంది.

మనుషుల్లోనూ ఈ లెప్టిన్ లోపం ఉంటుందని 1997లో కేంబ్రిడ్జ్‌లో తేలింది. పాకిస్తానీ మూలాలున్న కుటుంబంలో ఇద్దరు పిల్లలు, ఎనిమిదేళ్ళ పాప 86 కిలోలు, రెండేళ్ళ బాబు 29 కిలోలు. పుట్టుకతోనే లెప్టిన్ లేదు. ఇంజెక్షన్ మొదలుపెట్టాక పాప ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. పెళ్ళిళ్ళు దగ్గరి చుట్టరికంలో జరిగే మన వైపు కూడా, రెండు మూడేళ్ళకే అదుపులేని ఆకలితో లావెక్కే పిల్లలుంటే "తిండిపోతు" అని నవ్వకుండా చూపించాలి.

దీంతో స్థూలకాయానికి మందు దొరికిందని సంబరపడ్డారు. పెద్దవాళ్ళకి ఇచ్చి చూస్తే బరువు పెద్దగా తగ్గలేదు. లావుగా ఉన్నవాళ్ళలో లెప్టిన్ ముందే ఎక్కువ, మెదడు పట్టించుకోవడం లేదు. అది పడిపోయినప్పుడు మాత్రం మెదడు గగ్గోలు పెడుతుంది. మీరు 83కి వచ్చినప్పుడు జరిగిందదే. మెల్‌బోర్న్‌లో 50 మందిని ఆహారంతో తగ్గించి ఏడాది తర్వాత చూస్తే కూడా లెప్టిన్ కిందే ఉంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పైనే ఉంది.

తార్నాక పాతకాపు (హైదరాబాద్)

బార్ హార్బర్ దాకా ఎందుకు సార్, మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్ ఉంది కదా. అక్కడి విస్టార్ ఎలుకల కాలనీలో తమంతట తాముగా పుట్టిన లావు ఎలుకల జాతికి డబ్ల్యూఎన్‌ఐఎన్/ఓబీ అని పేరు, 1990ల నుంచి పెంచుతున్నారు. రక్తంలో లెప్టిన్ విపరీతం, అయినా తింటూనే ఉంటాయి. అంటే మీరు చెప్పిన రెండో జాతి బాపతు. మామూలు ఎలుక పక్కన పెడితే బంతిలా కనిపిస్తుంది. సంతానం కలగదు, ముసలితనం తొందరగా వస్తుంది. హైదరాబాద్‌వాళ్ళకే ఈ సంగతి తెలియదు.

లెక్కల మాస్టారు

డాక్టరు గారూ, ఒక సందేహం. తగ్గినప్పుడు కొవ్వు కణాలు చచ్చిపోవా? పోతే మళ్ళీ రావడానికి టైము పట్టాలి కదా.

విశాఖ ఎండో

పోవు, చిన్నవవుతాయి. దీన్ని తేల్చిన పద్ధతి మీకు నచ్చుతుంది మాస్టారూ. 1950, 60లలో బహిరంగంగా అణుబాంబులు పరీక్షించినప్పుడు గాల్లో కార్బన్-14 పెరిగింది, తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏటి కార్బన్ దాని డీఎన్‌ఏలో నిలిచిపోతుంది. దాన్ని బట్టి స్వీడన్‌లో కిర్‌స్టీ స్పాల్డింగ్ బృందం 2008లో కొవ్వు కణాల వయసు కట్టింది. ఏటా సుమారు 10 శాతం పోయి, అన్నే కొత్తవి పుడతాయి. సంఖ్య యవ్వనానికల్లా దాదాపు స్థిరపడుతుంది. పొట్ట ఆపరేషన్‌తో బాగా తగ్గినవాళ్ళలోనూ సంఖ్య తగ్గలేదు.

మన జనానికి చిక్కు ఇంకోటి. చర్మం కింద దాచుకునే చోటు తక్కువ, అది నిండితే కొవ్వు కాలేయంలోకీ పేగుల చుట్టూ పోతుంది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో 2004లో లాన్సెట్‌లో వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. అందుకే మనకి బీఎంఐ 23 నుంచే జాగ్రత్త, 25 దాటితే స్థూలకాయం, నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80.

పప్పన్నం

ఆ ఇంజెక్షన్లు వాడితే ఇవన్నీ అక్కర్లేదటగా?

విశాఖ ఎండో

పనిచేస్తాయి. సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది. జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోను చేసే పనే చేసి, ఆకలి అడిగే మెదడుని నేరుగా శాంతింపజేస్తుంది. కానీ ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. ఇప్పటిదాకా ఇక్కడ మాట్లాడుకున్నదంతా చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది. బీపీ మందులా దీర్ఘకాలం వాడాల్సినవి. మన దేశంలో దీని పేటెంటు గడువు 2026 మార్చి వరకే, హైదరాబాద్ కంపెనీలు కూడా జనరిక్‌కి (అదే మందు, వేరే కంపెనీ తయారీ) సిద్ధపడ్డాయి. పెళ్ళి ముందు మూడు నెలలకని అడిగేవాళ్ళకి నేను రాయను. డోసులు ఇక్కడ అడగొద్దు.

ఓరుగల్లు పోరడు

నాకు ఇంజెక్షన్ వద్దు సార్. నడుము కొలిస్తే 99 సెంటీమీటర్లు. పోయిన వారం స్కానింగ్ల "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అని వచ్చింది. మల్ల 83కి పోవాల్నా? ఈసారి సగం తిండే తింటా.

విశాఖ ఎండో

సగం తినకండి, పై కథంతా మళ్ళీ మొదలవుతుంది. మీరు ఒకటి గమనించలేదు. 98 నుంచి 89 అంటే ఇప్పటికీ 9 శాతం కిందే ఉన్నారు. కాలేయంలో కొవ్వు తగ్గడానికి 5 శాతం చాలు, వాపు తగ్గడానికి 7 నుంచి 10 కావాలి. ముందు 89 దగ్గర ఆగండి. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం చేర్చండి, కండ నిలుస్తుంది. పప్పు, గుడ్డు, పెరుగు పెంచండి. నిద్ర తగ్గించుకోకండి.

కాలేయం గట్టిపడిందేమో తెలియాలంటే రక్తపరీక్షలో వచ్చే కాలేయ ఎంజైములు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు, వయసు రాయండి. వయసుని ఏఎస్‌టీతో గుణించి, ప్లేట్‌లెట్ల సంఖ్యని ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. దాన్ని ఫిబ్-4 అంటారు.

ఓరుగల్లు పోరడు

వయసు 38. ఏఎస్‌టీ 41, ఏఎల్‌టీ 64. ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు.

లెక్కల మాస్టారు

ప్లేట్‌లెట్లని వేలల్లో, అంటే 240 అని తీసుకోవాలి అనుకుంటాను. 38ని 41తో గుణిస్తే 1,558. 64 వర్గమూలం 8, దాన్ని 240తో గుణిస్తే 1,920. భాగిస్తే 0.81. ఇది మంచిదేనా డాక్టరు గారూ?

విశాఖ ఎండో

వేలల్లోనే మాస్టారూ, సరిగ్గా చేశారు. 1.3 కంటే తక్కువ కాబట్టి కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం చాలా తక్కువ. ఏఎల్‌టీ మాత్రం ఎక్కువే ఉంది. మూడు నెలలాగి మళ్ళీ చేయించండి, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర), ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) కూడా కలిపి. రిపోర్టు పట్టుకుని మీ ఊళ్ళో ఫిజీషియన్‌ని కలవండి.